వినుట నేర్చినవాడే మాట నేర్చినవాడు

తిరుపతి బస్సుస్టాండు రేయింబవళ్లు జనసమ్మర్దముతో నిండియుండును. తెలుగు, తమిళము, కన్నడము, హిందీ, మరాఠీ మున్నగు భాషలు అచ్చట ఒక్కమారే చెవిని బడును. ఆ జనప్రవాహములో తోడివారినుండి తప్పిపోయిన కన్నడదేశపు అవ్వ నొకతెను ఊహింపుడు. ఆమె చేతిలో చిన్న సంచి, కన్నులలో నీరు. ఎదుటనున్న పెద్దమనిషితో ఆమె ఏదో చెప్పుచున్నది. ఆయన తెలుగులో బదులు చెప్పెను. ఆమెకు తెలియలేదు. ఆయన అవే మాటలను మరింత బిగ్గరగా చెప్పెను. అప్పటికిని ఆమెకు తెలియలేదు. "ఎంత చెప్పినను వినదు!" అని విసుగుకొని ఆయన తన దారిని పోయెను. వేరొకరు జాలిపడి ఆమె యొడిలో పది రూపాయల నోటు వేసి పోయిరి. అవ్వ ఆ నోటును చూచి మరింత దుఃఖించెను. ఆమె యాచకురాలు కాదు.

సమీపమున మూరలు కొలిచి పూలమ్ముకొను స్త్రీ ఒకతె ఇదంతయు గమనించెను. ఆమెకును కన్నడము రాదు. ఆమె అవ్వను చేయిపట్టి నీడలో కూర్చుండబెట్టి, త్రాగుటకు నీరిచ్చి, ఆమె చెప్పునదంతయు ముఖమువంక చూచుచు ఓపికతో వినెను. అన్ని మాటలలో "మగ" అను మాట యొక్కటి మాటిమాటికి వినబడెను. అవ్వ తన కొడుకును గూర్చి చెప్పుచున్నదని పూలమ్మి గ్రహించెను. సంచివైపు చూపి సైగచేయగా, అవ్వ అందుండి మడతలుపడిన చీటీ నొకదానిని తీసెను. దానిపై కొడుకు ఫోను నెంబరు కలదు. అరగంట గడచునప్పటికి కొడుకు పరుగున వచ్చి తల్లిని చేరెను.

ఈ ముగ్గురిలో ఎవరును చెడ్డవారు కారు. పెద్దమనిషి బదులు చెప్పెను. కాని తన మాట ఎదుటివారికి చేరినదా లేదా అని చూడలేదు. నోటు వేసినవారు జాలిపడిరి. కాని అవ్వకు ఏమి కావలెనో అడుగకయే తామే నిశ్చయించుకొనిరి. పూలమ్మి మాత్రము మొదట వినెను, పిదప సాయపడెను. జాలికిని సహానుభూతికిని గల భేదమిదియే. జాలిపడువాడు ఎదుటివాని కష్టమును తన కంటితో చూచును. సహానుభూతి కలవాడు దానిని ఎదుటివాని కంటితో చూడ యత్నించును. అట్లు చూచుటకు వినుట తప్ప వేరు మార్గము లేదు.

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అని పెద్దలందురు. అది సత్యమే. కాని చెవి మంచిది కానిదే నోరు మంచిది కాజాలదు. ఎదుటివాని మనస్సు తెలియక పలికిన మాట ఎంత తీయనిదైనను గురి తప్పిన బాణమువంటిది. మనుష్యుల నడుమ లేచు గోడలలో ముఖ్యమైనవి నాలుగు: భాష, భయము, వివాదము, మౌనము. ఈ నాలుగు గోడలకును వినుటయే తలుపు. ఇందులకు దృష్టాంతములు దూరదేశములలో వెదకనక్కరలేదు. పాత చిత్తూరు జిల్లాలోనే కావలసినన్ని కలవు.

మొదటి గోడ భాష. 1919వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో విశ్వకవి రవీంద్రనాథ టాగూరు మదనపల్లెకు విచ్చేసెను. అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలకు ఐర్లండు దేశీయుడగు కవి జేమ్స్ కజిన్స్ అధ్యక్షుడుగా నుండెను. ఒకనాటి సాయంకాలమున విద్యార్థులును అధ్యాపకులును కూడియుండగా, రవీంద్రుడు తాను రచించిన "జనగణమన" గీతమును వంగభాషలోనే పాడెను. అది 1911లో కలకత్తాలో కాంగ్రెసు మహాసభయందు మొదటిసారి పాడబడిన గీతము. మదనపల్లె శ్రోతలు తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, విదేశీయులు. రాగము వారి హృదయములను తాకినది. కాని పాట వారి భాషలోనిది కాదు.

"నా గీతము గొప్పది; అర్థము కానివారు వంగభాష నేర్చుకొందురు గాక" అని రవీంద్రుడు అనుకొని యుండవచ్చును. అట్లనుకొనుటకు తగినంత కీర్తి అప్పటికే ఆయనకు కలదు. 1913లోనే నోబెలు బహుమానమును పొందిన మహాకవి ఆయన. అయినను ఆయన శ్రోతలవైపు తానే నడచి వచ్చెను. మదనపల్లెలో నుండగనే ఆ గీతమును తన చేతితో ఆంగ్లమునకు అనువదించెను. ఆ ప్రతిపై 1919 ఫిబ్రవరి 28వ తేది కలదు. జేమ్స్ కజిన్స్ భార్యయగు మార్గరెట్ కజిన్స్ సంగీత విద్వాంసురాలు. ఆమె ఆ పాటకు స్వరలిపి సమకూర్చెను. కవి తన భావమును వినువారి భాషలోనికి తెచ్చెను. ఆ విదుషి కవి గానమును చెవియొగ్గి విని కాగితముపై నిలిపెను. 1950 జనవరి 24వ తేదీన ఆ గీతము భారతదేశమునకు జాతీయగీతమైనది. ప్రతి ఉదయమును పాఠశాలలో దానిని పాడు విద్యార్థులు, దాని చరిత్రలో మదనపల్లెకు గల భాగమును ఎరిగియుండుట మంచిది. చెప్పువాడు వినువానివైపు రెండడుగులు నడచినప్పుడే మాట ప్రయాణము సాగునని ఆ ఘట్టము బోధించుచున్నది.

రెండవ గోడ భయము. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము అను స్థలము కలదు. ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున అచ్చట క్షయరోగులకొరకు ఒక శానిటోరియము వెలసెను. డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానిని చిరకాలము నడపెను. ఆ కాలమున క్షయకు తగిన మందు లేదు. 1940వ దశకమున స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడువరకు మంచి గాలి, మంచి ఆహారము, విశ్రాంతి, ఇవియే ముఖ్యమైన చికిత్స. రోగులు నెలలకొలది ఇల్లు విడిచి అచ్చట నుండవలసివచ్చెడిది. అంతకంటె బాధాకరమైన సంగతి యొకటి కలదు. దగ్గు వినబడగనే ఇరుగుపొరుగువారు తలుపులు మూసికొనెడివారు. బంధువులు రాకపోకలు మానెడివారు. క్షయ వచ్చిన యింట పిల్లకు పెండ్లి కుదురుట కష్టమయ్యెడిది. రోగము ఊపిరితిత్తులను తినగా, ఒంటరితనము మనస్సును తినెడిది.

1956లో మద్రాసు నగరమున క్షయరోగ చికిత్సపై పరిశోధించుటకు ఒక కేంద్రము ఏర్పడెను. నగరములోని పేదలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు శానిటోరియములోను, మరియొక జట్టునకు వారి యిండ్లయందును ఒకే విధమైన మందులిచ్చిరి. 1959లో ఫలితములు వెలువడెను. ఇంటనుండి మందు పుచ్చుకొన్నవారు శానిటోరియములో నున్నవారితో ఇంచుమించు సమానముగా కోలుకొనిరి. వారితో కలిసి నివసించిన కుటుంబమువారికి ఆ కారణమున అదనపు అపాయమును కలుగలేదు. రోగిని వెలివేయనక్కరలేదని శాస్త్రమే తేల్చి చెప్పెను. ఈ ఫలితము ప్రపంచమున క్షయ చికిత్సా విధానమునే మార్చినది.

కాని చికిత్స ఇంటికి వచ్చిన తరువాత మరియొక చిక్కు బయలుపడెను. కొన్ని వారములు మందు వాడగనే దగ్గు తగ్గును. ఒంటికి బలము వచ్చును. "ఇక మందేల?" అని రోగి మానివేయును. అపుడు వ్యాధి మరల తిరుగబడును. ఒక్కొక్కప్పుడు ఆ మందులకు లొంగని రూపము కూడ దాల్చును. సాధారణముగా ఈనాడు క్షయకు ఆరు నెలలు మందు వాడవలసియున్నది. రోగిచేత ఆరు నెలలు మందు వాడించుటకు కసరికొనుట సాధనము కాదు. అతడేల మానెనో ఆరోగ్య కార్యకర్త తెలిసికొనవలెను. మందు వలన వికారమగుచున్నదేమో! కూలిపని మాని ఆసుపత్రికి పోలేకున్నాడేమో! ఇరుగుపొరుగువారు చూచెదరని సిగ్గుపడుచున్నాడేమో! కారణమును విన్న కార్యకర్త దానికి తగిన ఉపాయము చెప్పగలదు. వినని కార్యకర్త కోపపడి పోవును. రోగి మందు మానును. ఇచ్చట వినుట మర్యాద మాత్రమే కాదు. చికిత్సలో ఒక భాగము. మాత్ర వ్యాధిని నయము చేయును; ఆ మాత్రను రోగి నోటికి చేర్చునది నమ్మకము.

మూడవ గోడ వివాదము. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా తెలుగు, తమిళ, కన్నడ దేశములు కలిసికొను చోటు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు, ఏ తాలూకా ఎవరిది, ఏ పల్లె ఎవరిది అను కలహము పుట్టెను. తమిళులు కొందరు తిరుపతియే తమదనిరి. తెలుగువారు తిరుత్తణిని విడువమనిరి. రెండు వైపుల ఊరేగింపులు, నినాదములు, నిర్బంధములు జరిగెను. ఎవరి కేకలు వారివి; ఎవరి చెవులును ఎదుటివారివైపు లేవు.

తుదకు హెచ్.వి. పటాస్కరు అను పెద్దను మధ్యవర్తిగా నియమించిరి. ఆయన తాలూకాలను గంపగుత్తగా పంచిపెట్టలేదు. పల్లెను ప్రమాణముగా గైకొని, అచ్చట ఎక్కువమంది మాటలాడు భాష యేది, ఆ పల్లె ఏ భాషాప్రాంతమును ఆనుకొనియున్నది అని విచారించెను. ఆయన సూచనలను రెండు ప్రభుత్వములును అంగీకరించెను. 1959లో పార్లమెంటు చట్టము చేసినది; 1960 ఏప్రిలు 1వ తేదీనుండి అది అమలులోనికి వచ్చినది. తిరుత్తణి తాలూకాలో అధికభాగము మద్రాసు రాష్ట్రమునకు పోయెను. సత్యవేడు ప్రాంతమును మరికొన్ని గ్రామములును ఆంధ్రప్రదేశమున చేరెను. ఎవరికిని కోరినదంతయు దక్కలేదు. అయినను గొడవ చల్లారెను. పెద్ద సంఖ్యలను చూచువారికి వినబడని చిన్న పల్లె గొంతు ఆ విచారణలో లెక్కకు వచ్చుటయే అందులకు ఒక కారణము.

గీత గీయుట ముగిసినను ఇరుగుపొరుగు ముగియలేదు. నేటికిని సరిహద్దుకు ఇవతల ఇంట తమిళము మాటలాడు కుటుంబములు, అవతల ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు ఎన్నియో కలవు. గీతకు అటునుండి ఇటు కోడండ్రు వచ్చుచున్నారు. ఇటునుండి అటు పోవుచున్నారు. మూడు రాష్ట్రములు కలియు కుప్పములో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. ఒకప్పుడు కలహకారణమైన భాషలను ఒకే కప్పు క్రింద చదువుకొనుటకు అచ్చట వీలు కలిగినది.

నాలుగవ గోడ మౌనము. ఇది అన్నిటికంటె దుర్భేద్యమైనది. ఏలయనగా ఇది ఒకే భాష మాటలాడువారి నడుమ, ఒకే ఇంటిలో లేచును. మదనపల్లె టమాటా మండీ దేశములోని మిక్కిలి పెద్దవానిలో ఒకటి. 2023 జూలై నెలలో అచ్చట కిలో టమాటా ధర నూరు రూపాయలను మించిపోయెను. మరికొన్ని కాలములందు ఒకటి రెండు రూపాయలైనను పలుకక, రైతులు పంటను రోడ్డు ప్రక్కన పారబోసి పోయిన దినములును కలవు. అట్టి దినమున మండీనుండి ఇంటికి వచ్చిన తండ్రిని తలచుకొనుడు. కోతకూలి, వాహనపు బాడుగ, మండీ కమీషను పోగా చేతికి మిగిలినది శూన్యము. ఎరువులకు తెచ్చిన అప్పు అట్లే యున్నది. ఆయన గడప దాటి లోనికి వచ్చునంతలో కుమారుడు ఎదురువచ్చి, "నాయనా, విహారయాత్రకు రేపటిలోగా డబ్బు కట్టవలెను" అనెను. తండ్రి, "ఎప్పుడు చూచినను డబ్బు, డబ్బు!" అని కసరెను. కుమారుడు నొచ్చుకొని మూలకు పోయి కూర్చుండెను.

తండ్రికి తనపై ప్రేమ లేదని కుమారుడు తలచును. ఇంటి కష్టము కుమారునికి పట్టదని తండ్రి తలచును. ఇద్దరును పొరబడిరి. తండ్రి కోపము కుమారునిపై కాదు, ధరపై. కుమారునికి కష్టము పట్టకపోలేదు. ఎవరును చెప్పలేదు కనుక తెలియలేదు. ఆ సమయమున కుమార్తె చెంబుతో నీళ్లు తెచ్చి తండ్రికిచ్చి, ప్రక్కన కూర్చుండి, "నాయనా, ఈ దినము మండీలో ధర ఎంత పలికినది?" అని అడిగెను. అది చిన్న ప్రశ్న. కాని ఉదయమునుండి ఆ తండ్రిని ఆయన కష్టమును గూర్చి అడిగినవారు మరి యెవరును లేరు. ఆయన కొంతసేపు ఊరకుండి, పిదప చెప్ప నారంభించెను. మూలనున్న కుమారుడును వినెను. ఆ రాత్రి ఆ యింట అప్పు తీరలేదు. కాని ఆ భారమును మోయు భుజములు ఒకటికి నాలుగైనవి.

ఇది స్వల్పవిషయమని ఎవరును తలపరాదు. అప్పుల భారమును ఒంటరిగా మోసి, ఎవరితోను చెప్పుకొనలేక, తమ ప్రాణములను తామే తీసికొన్న రైతులు రాయలసీమలో కలరు. అప్పునకు మందు మాట కాదు. గిట్టుబాటు ధర, సాగునీరు, సకాలమున ఋణము కావలెను. వానిని సమకూర్చుట ప్రభుత్వముయొక్కయు సమాజముయొక్కయు విధి. ఓదార్పుమాటలతో ఆ విధినుండి తప్పించుకొనరాదు. అయినను సాయము వచ్చువరకు మనిషి నిలువవలెను గదా! నిలుచుటకు, చెప్పుకొనుటకొక మనిషి కావలెను.

ఇచ్చట కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. "ఎదుటివాని మాట విని, వాని మనస్సు నెరిగి నడచుకొనువాడు మెత్తనివాడై పోడా? ప్రతివానికిని తలయూపవలసి రాదా?" ఇది సరికాదు. వినుట వేరు, ఒప్పుకొనుట వేరు. పరీక్షలో చూచి వ్రాసిన విద్యార్థి చెప్పు కారణమును ఉపాధ్యాయుడు పూర్తిగా వినవచ్చును. విని కూడ, అది తప్పని చెప్పి దండింపవచ్చును. కాని విని దండించినప్పుడు విద్యార్థి తన తప్పును గూర్చి ఆలోచించును. వినక దండించినప్పుడు ఉపాధ్యాయుని కోపమును గూర్చి మాత్రమే ఆలోచించును. పటాస్కరు ఉభయపక్షముల వాదమును విని, పిదప గీత గీసెను. విన్నవాని నిర్ణయమునకు బలము ఎక్కువ గాని తక్కువ కాదు.

నేటి కాలమున మాటను పంపుట మిక్కిలి సులభమైనది. సెల్‌ఫోనుద్వారా తిరుపతినుండి అమెరికాకు రెప్పపాటులో మాట చేరుచున్నది. కాని ఆ ఫోను చేతబట్టుకొని ఒకే చాపపై కూర్చున్న నలుగురు ఒకరి ముఖమొకరు చూడకుండుటయు కలదు. యంత్రము మాటను మోయగలదు. వినుట మనిషియే నేర్వవలెను. అది పుట్టుకతో వచ్చు గుణము కాదు; ఈతవలె, వ్రాతవలె అభ్యాసమువలన వచ్చు విద్య. ఎదుటివాడు ముగించువరకు అడ్డుపడకుండుట మొదటి మెట్టు. అర్థము కానిదానిని అర్థమైనట్లు నటింపక అడుగుట రెండవ మెట్టు. "నీవు చెప్పినది ఇదియే గదా?" అని సరిచూచుకొనుట మూడవ మెట్టు. బదులు ఆ పిదపనే.

ఈ అభ్యాసమునకు తరగతిగదికంటె తగిన చోటు లేదు. ఇంట తమిళము మాటలాడుచు తెలుగు పాఠమును తడబడుచు చదువు బాలుని చూచి నవ్వుట సులభము. వాడు రెండు భాషల బరువును మోయుచున్నాడని గుర్తించినవాడు నవ్వడు. కడపటి బెంచీలో ఎవరితోను మాటలాడక కూర్చుండు బాలికను గర్విష్ఠి యనుట సులభము. ఆమె యింట ఏమి జరిగినదో మెల్లగా అడిగినవాడు ఆ మాట అనడు. ఒక్కొక్కప్పుడు అట్లడిగిన తోడి విద్యార్థియే ఆమెకు ఆ దినమున ఏకైక బంధువగును.

తిరుపతిలోని ఆ పూలమ్మి విద్యావంతురాలు కాదు. ఆమెకు నాలుగు భాషలు రావు. తనకు తెలియని భాషలో ఏడ్చుచున్న మనిషి మాటను విసుగు లేక వినగల ఓర్పు మాత్రము ఆమెకు కలదు. ఆ ఓర్పునకు "మగ" అను మాట యొక్కటియే చాలినది. చదువుకొన్నవారికి ఎన్నియో మాటలు తెలియును. వానిలో ఎన్ని ఎదుటివాని హృదయమును చేరుచున్నవో ప్రతివాడును దినమున కొకమారు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.